నారింజ రంగు పీలికలు

మా మరిదిని అందరూ తోక అంటారు. అలా పిలిస్తే పలుకుతాడు కూడా. ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పాలంటే పరుగు పందెం సంగతి చెప్పాలి. పందెం సంగతి చెప్పాలంటే ముందు లాండ్రీ సంగతి చెప్పాలి.

మా ఆయనా, మరిదీ పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేసేవారు. అక్కడ దుప్పట్లు ఉతికి, పిండి, ఇంకా చెమ్మ ఉండగానే వేడి రోలరు మిషన్‌లోకి పంపిస్తారు. మిషన్ ముందు ఒకరు నిలబడి దుప్పటి రెండు మూలలూ పట్టుకుని వంకర పోకుండా లోపలికి అందించాలి. వెనక ఒకరు నిలబడి, ఆవిరి కక్కుతూ బయటికొచ్చే దుప్పటిని అందుకుని మడత పెట్టాలి. ముందు మా ఆయన, వెనక మా మరిది. పంతొమ్మిదేళ్ళు అలాగే నిలబడ్డారు. వెనకవాడికి తనంతట తాను ఆగడానికి లేదు. ముందున్నవాడు అందిస్తున్నంతసేపూ అందుకుంటూనే ఉండాలి. "మా అన్న మొహం ఆవిరి లేకుండా ఎలా ఉంటుందో నాకు పండగ సెలవుల్లోనే తెలుస్తుంది వదినా" అనేవాడు మరిది.

నిలబడి నిలబడి మా ఆయనకు కాళ్ళలో నరాలు తాళ్ళలా ఉబ్బాయి. రోజూ నడవమని ఆసుపత్రి డాక్టరే చెప్పాడు. ఈయన నడక మొదలుపెట్టి, నడక చాలక పరుగులో పడ్డారు. ఊళ్ళో పరుగెత్తేవాళ్ళ జట్టు ఒకటుంది. వాళ్ళు ఏటా చలి మొదలయ్యే రోజుల్లో ఊరి బయట మట్టిదారుల్లో ఇరవై ఒక్క కిలోమీటర్ల పందెం పెడతారు. పాత క్వారీ పక్కనుంచి, నీలగిరి తోపులోంచి, కాలవ గట్టు మీదుగా చుట్టి వచ్చే దారి. మా ఆయన అందులో చేరారు. మరిదిని కూడా రమ్మంటే, పరుగెత్తి ఎక్కడికి పోతాం, తెల్లారితే మళ్ళీ ఆ మిషన్ వెనకేగా అన్నాడు. అన్నాడే గానీ అన్న వెళ్ళిన చోటికి వెళ్ళకుండా ఉండలేడు. వెళ్ళాడు. ఊరికే నిలబడ్డాడని వాళ్ళు ఒక పని చెప్పారు.

ఆ దారిలో బోర్డులుండవు. ముందురోజు జట్టువాళ్ళు వెళ్ళి కొమ్మలకీ కంచె రాళ్ళకీ నారింజ రంగు గుడ్డ పీలికలు కడతారు. దారి చీలిన చోట ఎటు పీలిక ఉంటే అటు వెళ్ళాలి. పందెం రోజున అందరికంటే ఆఖరున పరుగెత్తేవాడి వెనకాల ఒక మనిషి సంచీ తగిలించుకుని నడుస్తూ, ఆ పీలికలన్నీ విప్పుకుంటూ రావాలి. వదిలేస్తే మేకలు నమిలేస్తాయి. ఆ మనిషికి ఒకటే నియమం, ఏం జరిగినా ఆఖరివాణ్ణి దాటి ముందుకి పోకూడదు. ఆఖరివాడు కూర్చుంటే తనూ కూర్చోవాలి. మా మరిది పదేళ్ళు ఆ పని చేశాడు. అలా వచ్చిందే తోక అనే పేరు.

ఆ పీలికలు తయారుచేసేది నేను. చిరిగి పనికిరావని ఆసుపత్రిలో పక్కన పడేసిన దుప్పట్లు లాండ్రీ వాళ్ళు ఇస్తే, పెరట్లో టబ్బులో రంగు వేసి ఆరబెట్టేదాన్ని. అన్నదమ్ములిద్దరూ చెరో కొసా బిగించి పట్టుకుంటే నేను అంచున కత్తెరతో గాటు పెట్టేదాన్ని. వాళ్ళు లాగితే దుప్పటి ఈ చివరి నుంచి ఆ చివరికి చర్రున చిరిగేది. పందెం అయ్యాక మరిది సంచీ తెచ్చి గుమ్మంలో దించేవాడు. ఉతికి, ఆరేసి, పదేసి చొప్పున కట్టలు కట్టి అటక మీద పెట్టేదాన్ని.

ఆ జట్టులో ఒక మర్యాద ఉంది. మూడున్నర గంటల లోపల పదిసార్లు పందెం పూర్తి చేసినవాళ్ళ నంబరు ఇంక వాళ్ళదే. మళ్ళీ ఎవరికీ ఇవ్వరు, మనిషి ఉన్నా లేకపోయినా. జట్టు వాళ్ళ రేకుల షెడ్డు గోడ మీద ఆ నంబరు రాయిస్తారు. గోడ మీద ఆరు నంబర్లున్నాయి. మా ఆయనది నలభై ఏడు. తొమ్మిదిసార్లు పూర్తి చేశారు. కిటికీ పక్కన ఖాళీ చూపించి, అక్కడైతే వాన జల్లు పడదు అనేవారు. పదోసారికి డబ్బు కట్టి పేరు కూడా ఇచ్చేశారు.

వానలు మొదలైన వారంలో, మిషన్ ముందు నిలబడే పోయారు. దుప్పటి మూలలు చేతిలోనే ఉన్నాయట. దుప్పటి సగం దాకా వచ్చి ఆగిపోయింది. వెనకనుంచి మరిది, ఎక్కడో ఇరుక్కుందనుకుని లాగాడు. "అన్నా, వదులు" అన్నాడట. రెండుసార్లు అన్నాడట. ఈ సంగతి నాకు మరిది చెప్పలేదు, తోడికోడలు చెప్పింది. ఆ తర్వాత వాడి నోట "వదులు" అనే మాట రావడం నేను వినలేదు.

పందెం పెద్ద రిటైరైన పోస్టుమాస్టరు. గడియారం పట్టుకుని కూర్చుంటే సొంత అల్లుడికైనా అరనిమిషం వదలడని పేరు. ఆయన మా ఇంటికొచ్చి, నంబరు సంగతి ఏం చెయ్యమంటారని అడిగారు.  గడపలో కూర్చున్న మరిది, నేను పరుగెత్తుతాను అన్నాడు. పోస్టుమాస్టరు చాలాసేపు ఆలోచించి, తమ్ముడే కాబట్టి ఒప్పుకుంటామన్నారు. నలభై ఏడు మూడున్నర గంటల లోపల వస్తే అది పదోసారి కిందే లెక్క, గోడ మీద రాయిస్తాం, రాకపోతే వచ్చే ఏడు ఎవరికో ఒకరికి ఇచ్చేస్తాం అన్నారు.

నాలుగు నెలలు మరిది పడ్డ పాట్లు నేను చూశాను. లాండ్రీలో మా ఆయన చోట కొత్త మనిషిని పెట్టారు. ఆ మనిషి దుప్పటి వంకరగా అందిస్తాడు, వెనక దాన్ని సరిచేసి మడిచేసరికి వీడి నడుం పడిపోయేది. ఆ నడుంతోనే సాయంత్రం కాలవ గట్టు మీదికి పోయేవాడు. వచ్చి మా వరండాలో బకెట్టు నీళ్ళలో ఉప్పు వేసుకుని కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు.   మా ఆయన బూట్లు అక్కడే పిట్టగోడ మీద, కిందటేటి మట్టితోనే ఉండేవి. ఇద్దరం వాటిని చూడనట్టు కూర్చునేవాళ్ళం. తోడికోడలు వచ్చి, "పెళ్ళైన కొత్తలో నా వెనకాల ఇంత పరుగు ఎప్పుడైనా పెట్టాడా అక్కా" అంటే, "అప్పుడు నువ్వు ముందుకి పోతేగా" అని కళ్ళు మూసుకునే జవాబిచ్చేవాడు. ఆ నాలుగు నెలల్లో మా ఇంట్లో వినపడిన నవ్వులు అలాంటివి రెండో మూడో.

పందెం రోజు ఆరింటికి మొదలు. ఈసారి తోక పని బడిలో గంట కొట్టే ఆయన ఒప్పుకున్నాడు. మరిది తన సంచీ ఆయనకిచ్చి, ఏ కంచె దగ్గర ముళ్ళుంటాయో, ఏ పీలిక పైకొమ్మకి ఉంటుందో చెప్పాడు. సంచీ లేకపోతే వీపు ఖాళీగా ఉందని రెండుసార్లు భుజం తడుముకున్నాడు. నలభై ఏడో నంబరు కాగితం నేనే వాడి బనీనుకి నాలుగు పిన్నీసులతో పెట్టాను. ఒకటి వాడికి కొంచెం గుచ్చుకుంది.

నాకు పద్నాలుగో కిలోమీటరు దగ్గర, కాలవ పంపు షెడ్డు పక్కన నీళ్ళ బల్ల అప్పజెప్పారు. నీళ్ళు, నిమ్మరసం, అరటిపండ్లు. వచ్చినవాళ్ళ నంబరుకి ఎదురుగా టిక్కు పెట్టాలి. మొదటివాళ్ళు ఏడింటికే వచ్చి, గ్లాసు నోటికి తగిలీ తగలకుండానే పోయారు. తర్వాత గుంపులుగా వచ్చారు. ఎనిమిదయ్యేసరికి గట్టు ఖాళీ అయింది. కాగితంలో ఇంకా మూడు నంబర్లకి టిక్కు పడలేదు. అందులో నలభై ఏడు ఒకటి.

ఎనిమిదీ ఎనిమిది నిమిషాలకి వాడు గట్టు మలుపు తిరిగాడు. ఒక్కడే వస్తున్నాడు. ముందుకి వాలి, పాదాలు ఈడుస్తూ, అయినా ఆగకుండా. ఇంకా ఏడు కిలోమీటర్లు, ఎనభై రెండు నిమిషాల టైము. పాకుతూ వెళ్ళినా సరిపోతుందనుకున్నాను. గుండెల మీద నంబరు చెమటకి తడిసి అంటుకుపోయింది. బల్లకి చెయ్యి ఆనించి, "నీళ్ళు వదినా" అన్నాడు.

గ్లాసు అందిస్తూ చూశాను. నిక్కరు జేబులు రెండూ ఉబ్బి ఉన్నాయి. కుడి జేబులోంచి నారింజ రంగు కొస వేలాడుతోంది. నడుం దగ్గర గుప్పెడు పీలికలు దోపి ఉన్నాయి.

నాకు వెంటనే అర్థమైంది. పదేళ్ళు ఆ దారిలో వాడు చేసింది ఒక్కటే, పీలిక కనపడితే విప్పడం. ఒంట్లో ఓపిక అయిపోయి, చుట్టూ ఎవరూ లేక, బుర్ర ఎటో పోయి ఉంటుంది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. వాడి వెనకాల ఇంకా ఇద్దరున్నారు. కళ్ళజోళ్ళ దుకాణం నడిపే ఆవిడ, బ్యాంకు గేటు దగ్గర కాపలా ఉండే ఆయన. వాళ్ళ వెనక గంట కొట్టే ఆయన. ముగ్గురికీ ఆ దారి కొత్త. తోపులో దారి నాలుగుగా చీలుతుంది.

వాడికి తెలియదు. నీళ్ళు తాగుతున్నాడు. ఇంకొక్క నిమిషం నేను నోరు మూసుకుంటే వెళ్ళిపోతాడు. ఆయన నంబరు కిటికీ పక్కన గోడ మీదికి ఎక్కుతుంది. దారి తప్పినవాళ్ళు ఎక్కడికి పోతారు, కాస్సేపు తిరిగి ఏదో రోడ్డు ఎక్కుతారు అనిపించింది. అబద్ధం చెప్పను, అనిపించింది. వాడు అడగకుండానే రెండో గ్లాసు పోశాను. అది నిండేదాకా ఏమీ అనలేదు.

నిండాక అన్నాను. "జేబులో ఏంటవి?"

తల వంచి చూసుకున్నాడు. జేబులో చెయ్యి పెట్టి ఒకటి తీశాడు. ఇంకొకటి తీశాడు. మూడోది తియ్యలేదు. గట్టు వెనక్కి చూశాడు.

"ఎంతమంది రావాలి?"

"ఇద్దరు. గంటాయన కాకుండా."

గంటాయనకి ఫోను చేశాను. తోపులో ఫోనులు పలకవని తెలిసి కూడా రెండుసార్లు చేశాను. నేను వెళ్ళి కట్టొస్తాను, నువ్వు పో అన్నాను. నా మోకాళ్ళ నొప్పులతో నేను పరుగెత్తలేనని వాడికీ తెలుసు.

"ఏ చెట్టుకి కడతావు వదినా? నాకే గుర్తు లేదు. ఈ చేతులకి గుర్తుండాలి" అన్నాడు. రెండో గ్లాసు తాగలేదు. నంబరు మీద ఒకసారి అరచెయ్యి వేసి నొక్కుకుని, వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తాడు. నిజం చెప్పాలంటే ఆ రోజు మొత్తంలో వాడు బాగా పరుగెత్తింది అప్పుడే.

నేను బల్ల దగ్గర కూర్చున్నాను. అరటిపండ్ల మీద ఈగలు వాలుతుంటే తోలాను. గ్లాసులు కడిగి బోర్లించాను. తొమ్మిదిన్నర అయింది. పోస్టుమాస్టరు ఫోను చేసి, టైము అయిపోయింది, గడియారం ఆపేశాం, మీ దగ్గర ఇంకెవరైనా ఉన్నారా అని అడిగారు. ముగ్గురు రావాలన్నాను. నలభై ఏడు కూడానా అన్నారు. అవునన్నాను. 

పదింటికి కాస్త ముందు గట్టు మలుపులో కళ్ళజోళ్ళ ఆవిడ కనిపించింది. రెండు మోకాళ్ళూ కొట్టుకుపోయాయి. ఆమె వెనక బ్యాంకు గేటు ఆయన, చేతిలో కర్ర. తర్వాత సగమే నిండిన సంచీతో గంటాయన. అందరికంటే వెనక మా మరిది. కంచె రాయి దగ్గర ఆగి, ముడి విప్పి, పీలికని వేలికి చుట్టి జేబులో పెట్టుకుని, మళ్ళీ నాలుగడుగులు. నలభై ఏడో నంబరు అలా వచ్చింది.

వాళ్ళు తోపులో తప్పి క్వారీ రోడ్డు మీదికి దిగిపోయారట. వీడు కేకలు వేసుకుంటూ వెళ్ళి పట్టుకున్నాడట. దారి పొడుగునా కళ్ళజోళ్ళ ఆవిడ వీణ్ణి కడిగి పారేసిందని గంటాయన చెప్పాడు. మూడు నెలలు రోజూ దుకాణం మూశాక మెట్లెక్కి దిగి కాళ్ళు గట్టి చేసుకుందట, నీ చేతుల దురదకి నా కష్టం బూడిదలో పోసినట్టయిందని తిట్టిందట. వీడు ఒక్కదానికీ ఎదురు చెప్పలేదట. బల్ల దగ్గర కూడా ఆమె కోపం తగ్గలేదు. నీళ్ళు తాగుతూ వాడి గుండెల మీద నంబరు చూసి, ఆ నంబరు ఎవరిదో గంటాయన అప్పటికే చెప్పినట్టున్నాడు, గ్లాసు పెట్టేసి అటు తిరిగింది.

నేను బల్ల మడిచి షెడ్డులో పెట్టి వాళ్ళతో కలిశాను. పన్నెండేళ్ళుగా ఆ దారి గురించి వింటున్నాను గానీ నడవడం అదే మొదలు. ఏడు కిలోమీటర్లంటే ఇంత దూరమని ఆయన ఎప్పుడూ చెప్పలేదు. కాలవ దాటాక రాళ్ళ ఏటవాలు, తర్వాత దున్నిన చేను పక్కన సన్నటి గట్టు. ఎండ నెత్తికెక్కింది. బ్యాంకు గేటు ఆయన ప్రతి చెట్టు కిందా కూర్చునేవాడు. "నాకు కూర్చునే ఉద్యోగమే అలవాటమ్మా, ఏమీ అనుకోకండి" అన్నాడు. ఆయన కూర్చున్నప్పుడల్లా వెనకాల మరిది కూడా కూర్చునేవాడు. దాటి రాలేదు. ఒకచోట నేను ఆగి వాడితో కలిసి నడుద్దామనుకుంటే, "నువ్వు ముందు నడువు వదినా. నా ముందుండాలి అందరూ" అన్నాడు.

చేరేసరికి పదకొండున్నర దాటింది. పందెం ముగిసే చోట నిలబెట్టిన రబ్బరు కమాను గాలి తీసేసి నేల మీద పడి ఉంది. తోడికోడలు షెడ్డు మెట్టు మీద కూర్చుని ఉంది. మొగుడి వాలకం చూసి నోటిదాకా వచ్చిన మాట ఆపుకుని, చెంబుతో నీళ్ళు తెచ్చింది. పోస్టుమాస్టరు ఒక్కరే బల్ల దగ్గర ఉన్నారు. పీలికలు తీసింది తనేనని మరిది ముందుగా తనే చెప్పాడు. ఆయన గంటాయన్ని అడిగి, ఎక్కడ తప్పారు, ఎంతసేపు తిరిగారు అని రాసుకున్నారు. దారి తప్పడం, దాని మూలంగా కాళ్ళు దెబ్బతినడం వాళ్ళిద్దరి తప్పు కాదు, కాబట్టి ఆ ఆలస్యమంతా తీసేసి, పూర్తి చేసినట్టే రాస్తానన్నారు. కళ్ళజోళ్ళ ఆవిడ సంతోషించలేదు. మరి ఈయన కూడా మాతోనే తిరిగాడుగా, ఈయనకీ తీసెయ్యండి అంది.

పోస్టుమాస్టరు తల ఎత్తలేదు. తప్పినవాళ్ళకే తీసేస్తాం, తప్పించినవాళ్ళకి కాదు అని ఆ కాగితం వంక చూస్తూనే చెప్పారు.

"అంతేగా మరి" అన్నాడు మరిది. పిన్నీసులు నాలుగూ విప్పి, నంబరు కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. పిన్నీసులు విడిగా ఇచ్చాడు.

ఆ సాయంత్రం పీలికల సంచీ ఎప్పట్లాగే గుమ్మంలో దించాడు. ఉతికి ఆరేశాను. గోడ మీద ఇప్పటికీ ఆరు నంబర్లే ఉన్నాయి. కిటికీ పక్కన ఖాళీ అలాగే ఉంది. వచ్చే పందెంలో నలభై ఏడు ఎవరికో ఇస్తారు. ఎవరికని నేను అడగలేదు.

మొన్న సెలవు రోజున మరిది రెండు చిరుగు దుప్పట్లు తెచ్చాడు. పాత పీలికలు వెలిసిపోయాయి, కొన్ని ముళ్ళకి చీలాయి. మళ్ళీ తోక పనికే పేరిచ్చాడట. గంటాయన ఇక తన వల్ల కాదన్నాడట. నేను రంగు వేసి ఆరబెట్టాను. ఆరాక వాడు ఒక కొస పట్టుకుని, ఎప్పటి అలవాటు చొప్పున రెండో కొస గాల్లోకి అందించాడు. అందుకునే మనిషి లేడు. తోడికోడలు పనికి పోయింది. నేను కత్తెర కింద పెట్టి అందుకున్నాను.

పట్టుకుని నిలబడ్డాక అన్నాను. "ఆ రోజు నేను వెంటనే చెప్పలేదు."

"తెలుసు. రెండో గ్లాసు నేను అడగలేదుగా" అన్నాడు.

"చెప్పకుండా ఉండాల్సిందా?"

 "చెప్పకపోతే ఇంటికెళ్ళి జేబులు ఖాళీ చేసుకునేటప్పుడు నాకు నేనే చూసుకునేవాణ్ణి. అది ఇంకా కష్టం వదినా" అన్నాడు. తర్వాత, "గాటు పెట్టు" అన్నాడు.

ఒక చేత్తో కొస పట్టుకునే, రెండో చేత్తో కత్తెర అందుకుని గాటు పెట్టాను. దుప్పటి చిరిగింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో గాటు పెట్టాక నా చేతులు బిగుసుకుపోయాయి. ఎందుకో తెలియదు, ఆ కొస పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆయన ఇలాగే ఉండిపోయారని వాడికి గుర్తొచ్చే ఉంటుంది.

మరిది లాగలేదు. "వదులు" అనలేదు. తన కొస తను పట్టుకుని, నేను నా అంతట నేను వదిలేదాకా, అలాగే నిలబడ్డాడు.